కూపన్ వెనుక ఎవరి డబ్బు: న్యూజెర్సీలో మా ఇంటి సరుకుల ఖర్చు తగ్గించుకున్న తీరు

మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చిన కొత్తలో ఇంట్లో జీతం ఒక్కరిదే. నేను భర్త ఉద్యోగ వీసాను బట్టి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నాను, ఉద్యోగం చేసుకునే అనుమతి ఇంకా చేతికి రాలేదు, బాబు డైపర్ల వయసులో ఉన్నాడు. అద్దె, కారు ఇన్సూరెన్సు, కరెంటు, ఫోను బిల్లులు ఏ నెలకా నెల కచ్చితంగా కట్టవలసినవే కాబట్టి, మా ప్రయత్నంతో తగ్గేది ఏదైనా ఉందంటే అది ఇంటి సరుకుల ఖర్చు ఒక్కటే. అలా అవసరం కొద్దీ మొదలుపెట్టిన కూపన్లు (ధర తగ్గించే చీటీలు), రిబేట్ల (కొన్నాక వెనక్కి వచ్చే సొమ్ము) అలవాటు నాకు ఉద్యోగం వచ్చిన తరువాత కూడా కొనసాగుతోంది. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను తరచూ అడిగేది, కూపన్లు ఎక్కడ దొరుకుతాయి, ఫోనులో ఏ యాప్ పెట్టుకోవాలి అని. ఆ వివరాలు వారం పది రోజుల్లో ఎవరికైనా తెలిసిపోతాయి. వాటికంటే ముందు తెలుసుకోవలసినది ఒకటుంది. మనకు తగ్గే ప్రతి డాలరునూ ఎవరో ఒకరు భరిస్తున్నారు. ఆ భరించేది కొట్టువాళ్లా, సరుకు తయారు చేసిన కంపెనీయా అన్నది తేల్చుకుంటే, ఏ కూపన్‌తో ఏది కలుస్తుంది, పన్ను దేనిమీద పడుతుంది, కౌంటరు దగ్గర ఏది చెల్లదు అనే చిక్కులన్నీ వాటంతట అవే విడిపోతాయి.

ఈ సంగతి నాకు స్పష్టంగా తట్టింది మా అత్తయ్యగారు అడిగిన ఒక ప్రశ్న వల్ల. ఆవిడ విజయవాడ నుంచి వచ్చి మా దగ్గర ఉన్న రోజుల్లో నాతో పాటు సరుకులకు వచ్చారు. బిల్లు కట్టేటప్పుడు నేను ఇచ్చిన కాగితం ముక్కలు తీసుకుని క్యాషియర్ డబ్బు తగ్గించడం చూసి, "ఇంతింత తగ్గిస్తే కొట్టువాళ్లకు ఏం మిగులుతుందమ్మా, వాళ్లెలా ఒప్పుకుంటున్నారు?" అని అడిగారు. ఇంటికి వచ్చాక నేను ఇంకో కూపన్ తీసి, దాని అడుగున ఉన్న సన్నని అక్షరాలను ఆవిడకు తెలుగులో చదివి వినిపించాను. అవి మన కోసం రాసినవి కావు, కొట్టువాళ్ల కోసం రాసినవి. ఈ కూపన్‌ను నియమాల ప్రకారం తీసుకున్నట్లయితే దాని మీద ఉన్న మొత్తంతో పాటు, పని ఖర్చు కింద మరో 8 సెంట్లు మీకు చెల్లిస్తాము అని కంపెనీ అందులో మాట ఇస్తుంది. కొట్టువాళ్లు తమకు వచ్చిన కూపన్లన్నిటినీ కట్టలు కట్టి, వాటి లెక్క చూసే క్లియరింగ్ హౌస్ అనే సంస్థకు పంపిస్తారు, అక్కడ లెక్క తేలాక డబ్బు తిరిగి వస్తుంది. అంతా విని అత్తయ్యగారు, "అయితే ఇది కంపెనీవాళ్లు రాసిచ్చిన చెక్కే కదా" అన్నారు. నేను అప్పటిదాకా చదివిన వివరణలన్నిటికంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ పనికి వచ్చింది.

కంపెనీ కూపన్‌ను చెక్కుగా చూస్తే దాని నియమాలు మొండిగా కనిపించవు. కూపన్ మీద చెప్పిన రకమే, చెప్పిన సైజే కొనాలి, గడువు దాటకూడదు, జిరాక్సు తీసి వాడకూడదు. వీటిలో ఏది తప్పినా కంపెనీ చెల్లించదు, ఆ నష్టం కొట్టు మీద పడుతుంది. అందువల్ల 50 ఔన్సుల సీసాకు ఇచ్చిన కూపన్‌ను 32 ఔన్సుల సీసాకు ఇస్తే క్యాషియర్ వెనక్కి ఇచ్చేయడం న్యాయమే. అదే అడుగు అక్షరాల్లో నగదు విలువ సెంటులో నూరో వంతు అని కూడా ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో పాతకాలపు ట్రేడింగ్ స్టాంపుల (కొన్నవారికి కొట్లు ఇచ్చే, పోగుచేసి వస్తువులకు మార్చుకునే బిళ్లల) చట్టాలు కూపన్లకు కూడా వర్తిస్తాయి కాబట్టి, ఎంతో కొంత నగదు విలువ చూపించడం కోసం అలా ముద్రిస్తారు. ఈ పద్ధతికి ఈ దేశంలో నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1880ల చివరలోనే కోకాకోలా వారు ఒక గ్లాసు ఉచితంగా తాగవచ్చునని చీటీలు పంచారు.

ఇక కొట్టు తన జేబులోంచి ఇచ్చేది రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి వారం వారం మారే సేల్ ధర, రెండవది కొట్టు పేరు మీదనే వచ్చే కూపన్. మా దగ్గర షాప్‌రైట్ సూపర్‌మార్కెట్‌లో సేల్ ధర వర్తించాలంటే ప్రైస్ ప్లస్ కార్డు ఉండాలి, అది ఉచితంగానే ఇస్తారు. కంపెనీ తన జేబులోంచి ఇచ్చేది కూడా రెండు రూపాల్లోనే వస్తుంది. కొనేటప్పుడు ఇస్తే కూపన్, కొన్న తరువాత రసీదు చూసి ఇస్తే రిబేటు. ఇవి వేరువేరు జేబులు కనుకనే ఒకే వస్తువు మీద కలుస్తాయి. టార్గెట్ అనే మరో పెద్ద కొట్టులో ఒక వస్తువుకు వాళ్ల కూపన్ ఒకటి, కంపెనీ కూపన్ ఒకటి కలిపి వాడుకోవచ్చునని వాళ్ల నియమాల్లోనే రాసి ఉంది. అయితే కంపెనీ కూపన్లు రెండింటిని ఒకే వస్తువు మీద పెట్టడం ఎక్కడా కుదరదు. కొత్తవారికి కౌంటరు దగ్గర ఇబ్బంది ఎక్కువగా ఇక్కడే వస్తుంది. యాప్‌లో నొక్కి దాచుకున్న కూపన్ కొట్టువాళ్ల యాప్‌లో ఉన్నంత మాత్రాన కొట్టుది అయిపోదు, దాని మీద మాన్యుఫ్యాక్చరర్ అని ఉంటే అది కంపెనీదే. కార్డు గీకగానే అది బిల్లులో తగ్గిపోతుంది, ఆ తరువాత అదే వస్తువుకు కాగితం కూపన్ ఇస్తే చెల్లదు. అందుకని ఎక్కువ విలువ ఉన్నది ఏదో ఇంట్లోనే చూసుకుని, కాగితానిదే ఎక్కువైతే యాప్‌లో ఉన్నదాన్ని నొక్కకుండా వదిలేస్తాను.

ఒక సీసా లాండ్రీ డిటర్జెంట్‌ను తీసుకుని చెబితే ఇది తేలికగా బోధపడుతుంది. మామూలు ధర 13 డాలర్ల 99 సెంట్లు ఉన్న 84 ఔన్సుల సీసా ఆ వారం సేల్‌లో 9 డాలర్ల 99 సెంట్లకు వచ్చింది. నా దగ్గర 3 డాలర్ల కంపెనీ కూపన్ ఉంది, రిబేటు యాప్‌లో ఇంకో డాలరున్నర ఉంది. కౌంటరు దగ్గర 6 డాలర్ల 99 సెంట్లు ఇచ్చాను, రిబేటు కూడా తీసేస్తే సరుకు ధర 5 డాలర్ల 49 సెంట్లకు దిగింది. ఇందులో పన్ను కలపలేదు. న్యూజెర్సీలో అమ్మకం పన్ను 6.625 శాతం. సేల్ తగ్గింపు కొట్టుది కాబట్టి 13.99 మీద పన్ను పడదు. కానీ కూపన్ సొమ్ము కొట్టుకు కంపెనీ నుంచి తిరిగి వస్తుంది కనుక, కొట్టుకు ముట్టే పూర్తి ధర 9.99 అని లెక్కించి దాని మీద 66 సెంట్ల పన్ను వేస్తారు. అదే 3 డాలర్లు కొట్టు కూపన్ అయి ఉంటే 6.99 మీద 46 సెంట్లే పడేది. రిబేటు తరువాత వచ్చేది కాబట్టి అది పన్నును ఏమాత్రం తగ్గించదు. తేడా 20 సెంట్లే అయినా, బిల్లులో లెక్క తప్పిందని కస్టమర్ సర్వీసు దగ్గర వాదించేవాళ్లను నేను చాలాసార్లు చూశాను. లెక్క తప్పలేదు, డబ్బు వచ్చే జేబు వేరు. న్యూయార్క్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ కంపెనీ కూపన్ల విషయంలో ఇదే పద్ధతి. మా రాష్ట్రంలో చాలా తిండి సరుకులకు, డైపర్లకు, టాయిలెట్ పేపరుకు అసలు పన్ను లేదు కనుక ఈ లెక్క సబ్బులు, షాంపూలు, డిటర్జెంట్ల దగ్గరే అవసరపడుతుంది.

అంత తగ్గాక ఆ సీసా చవకేనా అంటే, అది ఇంకో ప్రశ్న. న్యూజెర్సీలో పెద్ద కొట్లు షెల్ఫు అంచున వస్తువు ధరతో పాటు ఔన్సుకో, పౌనుకో, వంద కాగితాలకో ఎంత పడుతుందో కూడా చూపించాలని చట్టం ఉంది. ఆ చిన్న అంకె చదవడం అలవాటు చేసుకున్న రోజు నుంచి నా కొనుగోళ్లు మారిపోయాయి. పైన చెప్పిన సీసా అన్నీ తగ్గాక ఔన్సుకు ఆరున్నర సెంట్లు పడింది. పక్కనే కొట్టువాళ్ల సొంత బ్రాండు 100 ఔన్సుల సీసా 6 డాలర్ల 99 సెంట్లకు, అంటే ఔన్సుకు 7 సెంట్లకు, ఏ కూపన్ అక్కరలేకుండా ఉంది. సేల్, కూపన్, రిబేటు మూడూ ఒకేసారి కలిస్తే తప్ప పేరున్న బ్రాండు దాన్ని గెలవలేకపోయింది. రిబేటు లేకపోతే 8 సెంట్లు దాటిపోయేది. పైగా డిటర్జెంట్ల విషయంలో ఔన్సుల కంటే ఎన్ని లోడ్లకు వస్తుందో చూడడం మంచిది, ఎందుకంటే ఒకటి చిక్కగా, ఒకటి పలచగా ఉంటుంది. లోడుకు ఎంత పోయాలో చెప్పే గీత మూత లోపల ఉంటుంది, నేను ఆ గీత దాటి పోయను. ఆ గీతను పట్టించుకోకుండా మూత నిండా పోస్తే ఎంత పెద్ద కూపన్ తెచ్చినా ఆదా అయ్యేది ఏమీ ఉండదు.

ఈ అంకెలన్నీ గుర్తుండవు కాబట్టి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. మేము తరచుగా వాడే ప్రతి సరుకుకూ ఒక పేజీ. అందులో తేదీ, కొట్టు, సైజు, ఔన్సుకు లేక పౌనుకు పడిన ధర. పాలు, గుడ్లు, నూనె, కందిపప్పు, బియ్యం, పెరుగు, టూత్‌పేస్టు, డైపర్లు ఇలా వరసగా ఉంటాయి. కొన్ని నెలలు రాశాక ఒక్కో సరుకు ఎప్పుడు అడుగుకు దిగుతుందో కంటికి కనిపించడం మొదలయింది. సబ్బులు, పేస్టుల వంటివి సాధారణంగా రెండు మూడు నెలలకు ఒకసారి బాగా తగ్గుతాయి. కూపన్ చేతికి రాగానే పరుగెత్తడం కంటే, గడువు లోపల వచ్చే సేల్ కోసం ఆగడం వల్ల వచ్చే లాభం ఎక్కువ. అలా తగ్గిన వారంలో మళ్లీ తగ్గేవరకు సరిపడా మాత్రమే కొంటాను. టీవీలో కూపన్ల కార్యక్రమాల్లో చూపించినట్లు గది నిండా సీసాలు పేర్చుకోవడం నాకు ఎప్పుడూ సరిపడలేదు. మా అపార్టుమెంటులో ఆ చోటూ లేదు, గడువు తీరిన పేస్టు ట్యూబులు పారవేయడం ఆదా కూడా కాదు.

ఈ పుస్తకం నాకు తెచ్చిపెట్టిన పెద్ద మేలు నెయ్యి. నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ఇక్కడివాళ్లు కేకులు, పైలు చేసుకుంటారు కాబట్టి మైదా, పంచదార, వెన్న ఆ నెలలో ఏడాది మొత్తానికీ తక్కువ ధరకు వస్తాయి. మామూలుగా అయిదున్నర డాలర్లున్న పౌను వెన్న ఒక ఏడాది కొట్టు కూపన్‌తో 2 డాలర్ల 99 సెంట్లకు వచ్చింది, మనిషికి నాలుగు పౌన్ల వరకే ఇస్తామన్నారు. ఉప్పు వేయని వెన్న నాలుగు పౌన్లు తెచ్చి, మందపాటి గిన్నెలో సన్న సెగ మీద పెట్టి కాచాను. ముందు తెల్లటి నురగ పొంగుతుంది, తరువాత చిటపటలు తగ్గుతాయి, అడుగున మడ్డి ఎర్రబడే సమయానికి నాలుగు మునగాకులు వేసి దించేస్తే ఇల్లంతా వాసన. ఈ దేశపు ప్రమాణం ప్రకారం వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు ఉండాలి, అందుచేత పౌను వెన్నకు సుమారు 350 గ్రాముల నెయ్యి దిగుతుంది. నాలుగు పౌన్లకు 12 డాలర్ల లోపే ఖర్చయి దాదాపు కిలో 400 గ్రాముల నెయ్యి వచ్చింది. ఇండియన్ స్టోరులో సీసా నెయ్యికి పెట్టే డబ్బులో సగం కూడా కాలేదు. కాచకుండా వెన్నగానే ఫ్రీజరులో దాచినా నెలల తరబడి నిలవ ఉంటుంది. జనవరిలో షాప్‌రైట్‌వాళ్లు 1971 నుంచీ జరుపుతున్న క్యాన్ క్యాన్ అనే డబ్బా సరుకుల సేల్ కూడా మనకు పనికివచ్చేదే. రాజ్మా, కాబూలీ శనగలు, టమాటాల డబ్బాలు అప్పుడు తీసుకుంటే ఉద్యోగం నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో నానబెట్టే పని లేకుండా కూర అవుతుంది. వంటకు ముందు నీళ్లతో బాగా కడిగితే డబ్బాలోని ఉప్పు కొంతవరకు పోతుంది.

డైపర్ల దగ్గర మాత్రం లెక్క అనుకున్నట్లు రాలేదు. 84 డైపర్ల డబ్బా 27 డాలర్ల 99 సెంట్లు, అంటే ఒక్కొక్కటి 33 సెంట్లు. పసిపిల్లల సామాను 75 డాలర్లకు కొంటే 15 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇస్తామన్న వారంలో మూడు డబ్బాలు, ఒక్కోదానికి 2 డాలర్ల చొప్పున కంపెనీ కూపన్లతో కొన్నాను. చేతి నుంచి 77 డాలర్ల 97 సెంట్లు వెళ్లాయి, గిఫ్ట్ కార్డు తీసేస్తే 62 డాలర్ల 97 సెంట్లు. డైపరుకు 25 సెంట్లు పడినట్లు. అంతా బాగానే ఉంది, కానీ అప్పట్లో సభ్యత్వం కట్టి కొనే కాస్ట్‌కో కొట్టులో వాళ్ల సొంత బ్రాండు కిర్క్‌ల్యాండ్ డైపరు ఏ హడావిడీ లేకుండా 20 సెంట్ల చుట్టూ ఉండేది. మా బాబు ఒంటికి అది పడింది కూడా. ఆ తరువాత డైపర్ల కూపన్లు వెతకడం మానుకుని, పక్కింటి వాళ్లకు ఇచ్చేసేదాన్ని. ఇంకో సంగతి, పిల్లలు సైజు మారే వేగానికి ఒకే సైజులో డబ్బాలు పేర్చకూడదు. విప్పని డబ్బా రసీదుతో తీసుకెళితే పెద్ద సైజుకు మార్చి ఇస్తారు గాని, విప్పినదాన్ని ఎవరూ తీసుకోరు.

కౌంటరు దగ్గర మర్యాదగా, స్పష్టంగా మాట్లాడడం కూడా ఈ పనిలో భాగమే. మన ఉచ్చారణ వాళ్లకు అర్థం కాకపోతే వెనుక వరస పెరుగుతుంది, మనకు కంగారు పుడుతుంది, ఆ కంగారులో కూపన్ వద్దులే అనేసి వచ్చేస్తాము. నేను ఆ కొట్టు కూపన్ నియమాలను ఫోనులో దాచి ఉంచుకుంటాను, రద్దీ లేని పొద్దుటి వేళ వెళతాను. కొనుగోలుకు ఒకటి అని ఉంటే ఒక్కో వస్తువుకు ఒక్కో కూపన్ అని అర్థం, నాలుగు వస్తువులు కొంటే నాలుగు కూపన్లు వాడవచ్చు. బిల్లుకు ఒకటి అని ఉంటే మాత్రం ఒక్కటే. సేల్ అని ప్రకటించిన సరుకు షెల్ఫులో అయిపోతే ఊరికే తిరిగి రానవసరం లేదు, కస్టమర్ సర్వీసు దగ్గర రెయిన్ చెక్ అడగాలి. అది తరువాత సరుకు వచ్చినప్పుడు అదే సేల్ ధరకు ఇస్తామని రాసిచ్చే చీటీ. ప్రకటించిన సరుకు లేకపోతే కిరాణా కొట్లు రెయిన్ చెక్ ఇవ్వడమో, దానికి సమానమైన వేరే సరుకు ఆ ధరకు ఇవ్వడమో, అంతకు సమానమైన మరో మేలు చేయడమో చేయాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. సరుకు తక్కువగా ఉందని ప్రకటనలోనే చెప్పినప్పుడు, లేదా చాలినంత సరుకు ముందే తెప్పించినా అయిపోయినప్పుడు అది వర్తించదు.

పోస్టులో పంపే రిబేట్లు ఇప్పుడు బాగా తగ్గాయి, కానీ పెద్ద వస్తువుల మీద ఇంకా వస్తుంటాయి. మేము కొన్న ఒక వాటర్ ఫిల్టరుకు 30 డాలర్ల రిబేటు ఉంది. పెట్టె మీది బార్‌కోడు ముక్క కత్తిరించి, అసలు రసీదు, నింపిన ఫారం జతచేసి, ఫలానా తేదీ లోపల పోస్టు ముద్ర పడేలా పంపాలి. బార్‌కోడు కత్తిరించాక కొట్టువాళ్లు వస్తువును వెనక్కి తీసుకోరు కాబట్టి ముందు ఫిల్టరు బిగించి, అన్ని విధాలా పనిచేస్తోందని చూసుకున్నాను. తరువాత బార్‌కోడు పెట్టె మీద ఉండగా ఒక ఫోటో, కత్తిరించాక ఒక ఫోటో, రసీదు, ఫారం, చిరునామా రాసిన కవరు, పోస్టాఫీసు ఇచ్చిన చీటీ అన్నిటికీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను. రెండు నెలల తరువాత, మీరు బార్‌కోడు పంపలేదు కనుక రిబేటు నిరాకరిస్తున్నాము అని మెయిలు వచ్చింది. నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే నేను స్వయంగా ఫారానికి పిన్ను కొట్టి పంపినది అది. ఫోటోలన్నీ జతచేసి, పంపిన తేదీతో సహా బదులు రాశాను, ఫోనులో కూడా మాట్లాడాను. మళ్లీ పరిశీలిస్తామన్నారు. ఆ తరువాత డబ్బు వచ్చింది, అయితే చెక్కుగా కాక గడువున్న ప్రీపెయిడ్ కార్డుగా వచ్చింది. అటువంటి కార్డులో చివరి కొద్ది సెంట్లు ఏ కొట్టులోనూ సరిగ్గా ఖర్చు కావు, అందుకని వచ్చిన రోజునే కరెంటు బిల్లులో కొంత భాగంగా మొత్తం కట్టేశాను. ఫోటోలు లేని మనిషికి ఆ 30 డాలర్లు దక్కేవి కావు. కొన్నవాళ్లలో కొందరు పంపడం మరచిపోతారు, కొందరు నిరాకరించగానే వదిలేస్తారు, కొందరు కార్డు గడువు దాటనిస్తారు. అలా మిగిలిపోయే సొమ్మును ఆ వ్యాపారంలో బ్రేకేజ్ అంటారు, కంపెనీలు రిబేటు ప్రకటించేటప్పుడే దాన్ని లెక్కలో వేసుకుంటాయి. అందుకే రిబేటు చేతికి వచ్చేవరకు దాన్ని తగ్గింపుగా నా పుస్తకంలో రాయను.

యాప్ రిబేట్లలో ఆ పోస్టు బాధ లేదు. డెన్వర్‌కు చెందిన ఐబొట్టా అనే యాప్‌లో కొనేముందే కావలసిన ఆఫర్లు ఎంచుకుని, కొన్నాక రసీదు ఫోటో ఎక్కిస్తే డబ్బు ఖాతాలో చేరుతుంది, కొంత మొత్తం పోగయ్యాక బ్యాంకుకు పంపుకోవచ్చు. ఫెచ్ అనే యాప్‌లో ఏ కొట్టు రసీదుకైనా కొద్దిగా పాయింట్లు వస్తాయి, వాటితో గిఫ్ట్ కార్డులు తీసుకోవచ్చు. కొన్న సరుకు మీద వచ్చే రిబేటును ధర తగ్గింపుగానే చూస్తారు, ఆదాయంగా కాదు, కాబట్టి ట్యాక్సు ఫైలింగులో చూపించే పని లేదు. మరి ఇక్కడ డబ్బు ఎవరిది? చాలావరకు కంపెనీలదే. కాగితం కూపన్ ఇచ్చినప్పుడు కంపెనీకి ఎంతమంది కొన్నారో తెలుస్తుంది గాని ఎవరు కొన్నారో తెలియదు. మనం రసీదు ఎక్కించినప్పుడు ఏ ఇంట్లో, ఏ రోజు, ఏ సరుకు పక్కన ఏ సరుకు కొన్నారో యాప్‌వాళ్లకు తెలుస్తుంది, ఆ వివరానికి వెల ఉంది. ఇది నాకు తెలిసే ఇస్తున్నాను, కానీ ఒక హద్దు పెట్టుకున్నాను. మందుల రసీదులు ఎక్కించను, బ్యాంకు ఖాతా వివరాలు చూడడానికి అనుమతి అడిగే యాప్‌లను పెట్టుకోను, వీటన్నిటికీ వేరే ఈమెయిలు వాడతాను. కొన్ని యాప్‌లలో నెలల తరబడి ముట్టుకోకపోతే మిగిలిన సొమ్ములోంచి రుసుము కోస్తారు, ఎక్కువ కాలం ఇండియాకు వెళ్లేవారు ముందే ఉన్నదంతా తీసుకుని వెళ్లడం మంచిది.

చేతిలో ఉన్న కూపన్‌ను కొద్దిగా మార్చి వాడితే ఏమవుతుందిలే అనే మాట కూడా అక్కడక్కడా విన్నాను. దీన్ని నేను గట్టిగా ఖండిస్తాను. నకిలీ కూపన్లు తయారు చేసి అమ్మినందుకు వర్జీనియాకు చెందిన ఒక మహిళకు 2021లో 12 ఏళ్ల జైలుశిక్ష పడింది, ఆ కేసులో కొట్లకు, కంపెనీలకు జరిగిన నష్టం 3 కోట్ల 10 లక్షల డాలర్లకు పైమాటే. వీసా మీద ఉన్న కుటుంబానికి మోసం కేసు అంటే ఉద్యోగం, ఇక్కడ ఉండే అర్హత రెండూ పోవచ్చు. ఇంటర్నెట్‌లో డబ్బు తీసుకుని కూపన్లు అమ్మేవాళ్ల జోలికి కూడా పోకూడదు, అమ్మినా ఇతరులకు బదిలీ చేసినా చెల్లదని చాలా కూపన్ల మీదే రాసి ఉంటుంది. పక్కింటికి డైపరు కూపన్లు ఇవ్వడం కూడా అందుకే నేను తరువాత ఆపేశాను, వాళ్లకు అవి దొరికే చోటు చెప్పాను.

కాస్ట్‌కో విషయానికి వస్తే, అక్కడ కంపెనీ కూపన్లు తీసుకోరు, నెల నెలా వాళ్లు ప్రకటించే తగ్గింపులే బిల్లులో పడతాయి. 2024 సెప్టెంబరు 1 నుంచి మామూలు సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు, ఎగ్జిక్యూటివ్ సభ్యత్వం 130 డాలర్లు. రెండవదానిలో కొనుగోళ్ల మీద ఏడాదికి 2 శాతం వెనక్కి వస్తుంది. అదనంగా కట్టే 65 డాలర్లు రావాలంటే ఏడాదికి 3,250 డాలర్ల సరుకు కొనాలి, అంటే నెలకు 270 డాలర్ల పైచిలుకు. బాబు డైపర్లు ఉన్నంత కాలం మాకు అది గిట్టింది. ఆ తరువాత మామూలు సభ్యత్వానికి దిగిపోయాము.

ఇంత చెప్పాక, మన వంటింటి ముఖ్యమైన సరుకులకు వీటిలో దాదాపు ఏదీ వర్తించదని కూడా చెప్పాలి. కందిపప్పుకు, సోనా మసూరి బియ్యానికి, చింతపండుకు, ఎండుమిరపకాయలకు కంపెనీ కూపన్ నేను ఇంతవరకు చూడలేదు. ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డు మీది ఇండియన్ స్టోర్లలో కొట్టు జేబులోంచి వచ్చే తగ్గింపే ఉంటుంది, అదీ ఉగాది, దసరా, దీపావళి ముందు వారాల్లో ఎక్కువ. పప్పులకు, బియ్యానికి నా పుస్తకంలోని పాత ధరలు చూసుకుని అప్పుడే నిలవకు తెచ్చుకుంటాను. పప్పులు నాలుగు రోజులు ఫ్రీజరులో ఉంచి తీసి డబ్బాల్లో పోస్తే పురుగు పట్టదు. కూరగాయలకు, పళ్లకు కూపన్లు బహు అరుదు. కూపన్లు ఎక్కువగా వచ్చేవి డబ్బాల్లో వచ్చే తీపి సీరియల్స్, చిప్స్, ఫ్రోజెన్ పిజ్జాలు, గ్రనోలా బార్ల మీద. వాటి మీద ఎంత తగ్గినా అవి మా జాబితాలో లేకపోతే కొనను, ఎందుకంటే ఒకసారి ఇంట్లోకి వస్తే పిల్లవాడి నాలుకకు అలవాటవుతాయి, ఆ తరువాత కూపన్ లేని వారంలో కూడా కొనవలసి వస్తుంది. కంపెనీ ఆ డాలరు ఖర్చు పెట్టేది ఆ అలవాటు కోసమే. నేను శనివారం రాత్రి రాబోయే వారానికి వంటలు రాసుకుంటాను, దాని ప్రకారం జాబితా రాస్తాను, ఆ తరువాతే సేల్ కాగితం, యాప్‌లు తెరుస్తాను. ఈ క్రమం తప్పనివ్వను. సబ్బులు, డిటర్జెంట్, పేస్టు, కాగితం సామాను మీద మిగిలిన డబ్బు నెలాఖరుకు ఎంతో చూసి, దాన్ని కూరగాయల పద్దులో కలుపుతాను. చలికాలంలో దొండకాయలు, బెండకాయలు, గోంగూర ఇక్కడ బాగా ఖరీదు. ఆ డబ్బు వాటికి వెళుతుంది.